నాన్నకి వినిపించని నాలుగు వేల హెర్ట్జ్

మా నాన్నకి చెవుడు ఉందని మేం ఎప్పుడూ అనుకోలేదు. వీధి మొగలో బస్సు ఆగినా, పెరట్లో కొబ్బరికాయ పడినా ‘ఏంటా చప్పుడు?’ అని ఇంట్లో అందరికంటే ముందు అడిగేది ఆయనే. కానీ టీవీ సౌండ్ మాత్రం ఏటికేడాదీ పెరుగుతూ వచ్చింది. ఒకప్పుడు 20 దగ్గర ఉండే అంకె, పోయిన సంక్రాంతికి నేను ఇంటికెళ్లేసరికి 48 దగ్గర ఉంది.

‘‘ఏవండీ, వార్తలు మనకా, ఊరందరికా?’’ అని అమ్మ సతాయింపు.

‘‘సౌండ్ వినపడుతోందే, మాటే తెలీట్లేదు’’ అని నాన్న జవాబు.

ఆ జవాబుని మేం ఏళ్ల తరబడి నవ్వుతూ కొట్టిపారేశాం. అసలు జబ్బు పేరు ఆ ఒక్క వాక్యంలోనే ఉందని నాకు తర్వాత తెలిసింది. అమ్మ ‘పాలు’ అంటే ఆయన ‘కాలు’ అనుకునేవారు. ‘కాలికేమైందే?’ అని అడిగేవారు. మేం నవ్వేవాళ్లం. ఆయన మెల్లగా మాట్లాడటం తగ్గించేశారు. పెళ్లిళ్లకెళ్తే ఓ మూల కుర్చీలో కూర్చుని, ఎవరు పలకరించినా తలూపి ఊరుకునేవారు. మాకు నవ్వుగా ఉన్న విషయం ఆయనకి ఒంటరితనమైపోయింది.

ఆరు అంకెల కాగితం

బతిమాలి బతిమాలి ఆయన్ని చెవి పరీక్షకి తీసుకెళ్లాను. చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, ఒక్కో స్వరం వినిపించి, వినపడగానే మీట నొక్కమన్నారు. అరగంటలో చేతికి ఒక కాగితం ఇచ్చారు. దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు.

అడ్డంగా రాసి ఉన్న అంకెలు చూసి ఉలిక్కిపడ్డాను. 250, 500, 1000, 2000, 4000, 8000. నేను ఇంజినీరింగ్‌లో ఈసీఈ చదివాను. ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా, ఆ అంకెల్ని మర్చిపోలేదు. పాటల యాప్‌లో, కారు స్టీరియోలో, గ్రాఫిక్ ఈక్వలైజర్ మీద వరసగా కనపడే మీటల కింద ఉండేవి సరిగ్గా ఈ అంకెలే!

నాన్న చెవుల్లో 250, 500 దగ్గర 20 డెసిబెల్స్. 1000 దగ్గర 25. అంటే దాదాపు మామూలే. 2000 దగ్గర 40కి దిగింది. 4000 దగ్గర 60కి పడిపోయింది. 8000 దగ్గర మళ్లీ కొంచెం తేరుకుని 45. గ్రాఫులో 4000 దగ్గర ఒక గుంట తవ్వినట్టుంది.

ఆ గుంట చూసి ఆడియాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న: ‘‘ఏం పని చేసేవారండీ?’’

‘‘మైకు సెట్టు’’ అన్నారు నాన్న.

ముప్ఫై ఏళ్లు. పెళ్లిళ్లు, బుర్రకథలు, వినాయక చవితి పందిళ్లు, ఎన్నికల ఆటోలు. ఎక్కడికెళ్లినా గొట్టం మైకుల పక్కనే ఆయన నిలబడేవారు. పెద్ద చప్పుళ్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల చెవి మొదట దెబ్బతినేది 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్యలో, ముఖ్యంగా 4000 దగ్గర. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు అక్కడ చచ్చిపోతాయి. మనిషిలో అవి మళ్లీ మొలవవు.

హియరింగ్ ఎయిడ్ పెట్టుకోమన్నారు. నాన్న లేచి నిలబడ్డారు. ‘‘ఊరందరికీ వినిపించినోణ్ణి. నాకు మిషనా?’’

ఆ రోజుకి అంతే. ఇంటికొచ్చేశాం.

మాటలో ఏది ఎక్కడుంటుంది?

తిరుగు ప్రయాణంలో నా బుర్రలో ఒకటే ఆలోచన. చెవి ఎక్కడ తక్కువ వింటోందో కాగితం చెప్పేసింది. అక్కడ మాత్రమే పెంచి, మిగతాది వదిలేస్తే? టీవీకీ ఆయనకీ మధ్య ఒక ఈక్వలైజర్ పెడితే?

ముందు మాట సంగతి చూద్దాం. మనం పలికే అచ్చుల బలమంతా కింది పౌనఃపున్యాల్లో, అంటే సుమారు 1000 హెర్ట్జ్ లోపల ఉంటుంది. గొంతులో బరువు, ‘ఎవరు మాట్లాడుతున్నారు’ అన్న గుర్తు అక్కడే. కానీ ప, త, క లాంటి హల్లుల తేడా, స, శ, ష ల బుసబుస ఎక్కువగా 2000 పైనే. వాటి బలం చాలా తక్కువ, పని మాత్రం చాలా ఎక్కువ. ‘పాలు’కీ ‘కాలు’కీ మధ్య ఉన్న తేడా సెకనులో చిన్న ముక్క, అదీ పై పౌనఃపున్యాల్లో. పాత టెలిఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపేది. అందుకే ఫోన్లో కొత్త పేరు చెప్పాల్సొస్తే ‘స ఫర్ సీత’ అని విడమర్చి చెప్పాల్సొచ్చేది.

నాన్నకి అచ్చులన్నీ చక్కగా వినపడుతున్నాయి. అందుకే ‘సౌండ్ వినపడుతోంది’. హల్లులు పోయాయి. అందుకే ‘మాట తెలీట్లేదు’. టీవీ వాల్యూమ్ పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. పైగా కింది శబ్దాలు మరీ పెద్దవైతే పై శబ్దాలను కప్పేస్తాయి కూడా.

ఈక్వలైజర్ పుట్టుక కూడా ఇలాంటి లోటు నుంచే. పొడుగాటి టెలిఫోన్ తీగల్లో పై పౌనఃపున్యాలు ఎక్కువగా నీరసించిపోయేవి. వాటిని తిరిగి ‘సమానం’ చేసే సర్క్యూట్ కాబట్టి ఈక్వలైజర్. నాన్న యాంప్లిఫయర్ మీద ఉండే బేస్, ట్రెబుల్ నాబ్‌లు కూడా రెండు బ్యాండ్ల ఈక్వలైజరే. వాటి వెనకుండే సర్క్యూట్‌ని పీటర్ బాక్సండాల్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1952లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రచురించాడు. మైకు కుయ్యిమని కూత పెడితే నాన్న చెయ్యి దానంతటదే ట్రెబుల్ మీదకి వెళ్లేది. ఆయనకి లెక్క తెలీదు గానీ పని తెలుసు.

బ్యాండ్లు: స్థాయిల లెక్క

మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వింటుందంటారు. దీన్ని పది బ్యాండ్లుగా చెయ్యాలంటే పదితో భాగించి రెండేసి వేలు పంచితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అలా చేస్తే మొదటి బ్యాండ్‌లోనే మృదంగం, వీణ, మాటల్లోని అచ్చులు దాదాపు అన్నీ ఇరుక్కుపోతాయి. పైనున్న ఐదారు బ్యాండ్లకి పనే ఉండదు.

చెవి కూడికలతో వినదు, రెట్టింపులతో వింటుంది. ఇది సంగీతం నేర్చుకున్న ఏ పిల్లనడిగినా చెబుతుంది. మధ్య స్థాయి షడ్జమం 150 హెర్ట్జ్ అయితే తార స్థాయి షడ్జమం 300. ఆ పై స్థాయిది 600. ప్రతి స్థాయీ ముందుదానికి రెట్టింపు, అయినా చెవికి అన్నీ ఒకే దూరంలో ఉన్నట్టుంటాయి. 20ని పదిసార్లు రెట్టింపు చేస్తే 20,480. అంటే మనిషి వినికిడి మొత్తం పది స్థాయిలు. పది బ్యాండ్ల ఈక్వలైజర్‌లో 31, 63, 125, 250, 500... అంటూ రెట్టింపులుగా ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది కదా.

నాకు పది అక్కర్లేదు. మాట కోసం ఐదు చాలు: 250, 500, 1000, 2000, 4000.

మధ్య అంకె ఒక్కటే చాలదు, బ్యాండ్ ఎంత వెడల్పుండాలో కూడా తేల్చుకోవాలి. దానికి కొలత ‘క్యూ’. మధ్య పౌనఃపున్యాన్ని బ్యాండ్ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే క్యూ. ఒక స్థాయి వెడల్పున్న బ్యాండ్‌కి క్యూ 1.41. అంతకంటే బాగా ఎక్కువైతే బ్యాండ్ సన్నగా సూదిలా అయిపోయి, పక్కపక్క బ్యాండ్ల మధ్య ఖాళీలు మిగులుతాయి. తక్కువైతే ఒక మీట కదిపితే పక్కవాటి ఇలాకాలోకీ వెళ్లిపోతుంది.

కాయిల్ లేని కాయిల్

ఒక పౌనఃపున్యాన్ని పట్టుకోవాలంటే కాయిల్, కెపాసిటర్ జంట కావాలి. రేడియో ట్యూనింగ్‌లో ఉండే జంటే. సూత్రం ఇది: కాయిల్ విలువనీ కెపాసిటర్ విలువనీ గుణించి, వర్గమూలం తీసి, దాన్ని 6.28తో గుణించి, 1ని దాంతో భాగిస్తే వచ్చేది మధ్య పౌనఃపున్యం.

ఇబ్బంది ఎక్కడంటే, 250 హెర్ట్జ్ దగ్గర నాకు కావలసిన కాయిల్ సుమారు అర హెన్రీ. అది బరువు, ఖరీదు, పైగా పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుని కూడా పీల్చుకుంటుంది. దీనికి దారి 1948లోనే బెర్నార్డ్ టెలెగెన్ అనే డచ్ ఇంజినీరు చూపించాడు. దాని పేరు గైరేటర్. కెపాసిటర్‌ని కాయిల్‌లా నటింపజేసే ఉపాయం. ఇవాళ దాన్ని ఒక ఆప్-యాంప్, రెండు రెసిస్టర్లు, ఒక చిన్న కెపాసిటర్‌తో కట్టేయొచ్చు. రెండు రెసిస్టర్ల విలువల్నీ, చిన్న కెపాసిటర్ విలువనీ గుణిస్తే ఎన్ని హెన్రీల కాయిల్‌లా నటిస్తుందో వచ్చేస్తుంది.

నేను రెసిస్టర్లు 470 ఓములు, 100 కిలో ఓములు తీసుకున్నాను. 4000 బ్యాండ్‌కి చిన్న కెపాసిటర్ 560 పికోఫ్యారడ్లు. మూడూ గుణిస్తే 26.3 మిల్లీహెన్రీలు. దానికి జంటగా 0.056 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్. లెక్క కడితే 4146 హెర్ట్జ్. సరిపోయింది.

ఇందులో ఒక చిన్న కిటుకుంది. పెద్ద కెపాసిటర్ ఎప్పుడూ చిన్నదానికి 100 రెట్లుండేలా చూసుకుంటే, అన్ని బ్యాండ్లకీ క్యూ ఒక్కటే, 1.46 వస్తుంది. మనక్కావలసిన 1.41కి దగ్గరే. ఇక రెసిస్టర్లు మార్చక్కర్లేదు. పెద్ద కెపాసిటర్లు వరసగా 1, 0.47, 0.22, 0.12, 0.056 మైక్రోఫ్యారడ్లు పెట్టాను. చిన్నవి వాటిలో నూరో వంతు. వచ్చిన బ్యాండ్లు 232, 494, 1055, 1935, 4146. అనుకున్నదానికి 7 శాతం చుట్టూ తేడా. మార్కెట్లో దొరికే కెపాసిటర్ల మీద రాసిన విలువలోనే 10 శాతం అటూఇటూ ఉంటుంది కాబట్టి దీని గురించి బెంగక్కర్లేదు.

ఓ శనివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి సరుకంతా కొన్నాను. నాలుగేసి ఆప్-యాంప్‌లుండే టీఎల్ 074 ఐసీలు రెండు సరిపోయాయి. ఐదు గైరేటర్లకి, ఒకటి అసలు యాంప్లిఫయర్‌కి, ఒకటి టీవీ వైపు బఫర్‌కి. ఒకటి మిగిలింది.

ఎంత పెంచాలి?

ఇక గెయిన్. నాన్నకి 4000 దగ్గర లోటు 60 డెసిబెల్స్. ‘అయితే 60 పెంచేద్దాం’ అనుకోవడం తేలిక. కానీ డెసిబెల్ లెక్క చూడండి. 6 డెసిబెల్స్ అంటే వోల్టేజ్ రెండింతలు. 12 అంటే నాలుగింతలు. 20 అంటే పదింతలు. 60 అంటే వెయ్యింతలు! అంత పెంచితే మిగిలిన కాస్త వినికిడీ పోతుంది.

పైగా దెబ్బతిన్న చెవికి ఇంకో బాధ. చిన్న చప్పుళ్లు అసలు వినపడవు, కానీ పెద్ద చప్పుళ్లు మామూలు చెవికి తగిలినంత గట్టిగానూ తగులుతాయి. మధ్యలో ఉండే జాగా ఇరుకు. అందుకే హియరింగ్ ఎయిడ్స్‌లో కూడా లోటంతా పూడ్చరు, పాతకాలం నుంచీ ఉన్న మోటు లెక్క సుమారు సగం. అదీ చిన్న చప్పుడుకి ఎక్కువ, పెద్ద చప్పుడుకి తక్కువ పెంచుతాయి. నా ఈక్వలైజర్‌కి అంత తెలివి లేదు. దేనికైనా ఒకే రెట్టు. కాబట్టి 12 డెసిబెల్స్ దగ్గర గీత గీసుకున్నాను.

ఆ గీతని సర్క్యూట్‌లో పెట్టేది ఒకే ఒక్క నిష్పత్తి. ఆప్-యాంప్ ఫీడ్‌బ్యాక్‌లో 1500 ఓముల రెసిస్టర్, గైరేటర్‌లో 470. మీట పూర్తిగా పైకి జరిపితే గెయిన్ 1 + 1500/470, అంటే 4.19 రెట్లు. డెసిబెల్స్‌లో 12.4. ఇన్‌పుట్ వైపు కూడా అదే 1500 పెట్టాం కాబట్టి, మీట కిందికి జరిపితే సరిగ్గా అంతే తగ్గుతుంది. మధ్యలో ఉంటే పెంచదు, తగ్గించదు.

స... చిర్రు!

ఉగాదికి డబ్బా పట్టుకుని ఇంటికెళ్లాను. టీవీ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి డబ్బాలోకి, డబ్బా నుంచి నాన్న పాత స్పీకర్‌లోకి. 2000, 4000 మీటలు పూర్తిగా పైకి. వార్తలు బాగున్నాయి. నాన్న ముందుకు వంగి విన్నారు. నా ఆనందం పావుగంట. సినిమా మొదలై హీరో గట్టిగా అరిచేసరికి స్పీకర్ చిర్రుమంది. ‘స’ అన్నప్పుడల్లా చెవిలో రంపం పెట్టినట్టు. నాన్న చెవి పట్టుకుని లేచిపోయారు.

ఆ రాత్రి నిద్రపోలేదు. బాగు చెయ్యబోయి ఇంకా చెడగొట్టానా అని భయం వేసింది. తెల్లారుజామున కాగితం మీద లెక్క వేస్తే నా తప్పు కనపడింది. డబ్బా నడిచేది 9 వోల్టుల బ్యాటరీ మీద. అందులో ఆప్-యాంప్ మధ్య నుంచి అటూ ఇటూ మహా అయితే 3 వోల్టుల దాకా ఊగగలదు. టీవీ నుంచి గట్టి శబ్దానికి 1 వోల్టు వస్తోంది. దాన్ని 4.19 రెట్లు చేస్తే 4 వోల్టులు దాటాలి. ఊగే జాగా 3 మాత్రమే. తరంగం తల తెగిపోతుంది. ఆ తెగిన తల వల్ల పుట్టే కొత్త పౌనఃపున్యాలే ఆ చిర్రు. గెయిన్ లెక్క వేశాను గానీ, ఆ గెయిన్‌కి చోటుందా అని చూడలేదు.

మందు తేలికైనదే. 2000, 4000 లను 12 కాకుండా 6 మాత్రమే పెంచాను. 250, 500 లను 6 తగ్గించాను. అచ్చులకీ హల్లులకీ మధ్య తేడా అదే 12 డెసిబెల్స్. కానీ వోల్టేజ్ రెండింతలే, 3 వోల్టుల లోపలే ఉంది. పైగా మాట బరువంతా ఉండే కింది బ్యాండ్లు సగమయ్యాయి కాబట్టి అవి పైవాటిని కప్పెయ్యడం కూడా తగ్గింది. ఈక్వలైజర్ గురించి నేను నేర్చుకున్న అసలు పాఠం ఇది: కావలసినదాన్ని పెంచే ముందు, అడ్డొచ్చేదాన్ని తగ్గించు.

సాయంత్రం మళ్లీ పెట్టాం. నాన్న కాసేపు విని, లేచొచ్చి డబ్బా ముందు గొంతుక్కూర్చున్నారు. నేను చెప్పకుండానే 4000 మీటని ఓ నూలు కిందికి జరిపారు. 1000 మీటని కాస్త పైకి. మళ్లీ విన్నారు. ముప్ఫై ఏళ్లు నాబ్‌లు తిప్పిన వేళ్లు అవి.

‘‘ఇప్పుడు చూడమ్మాయ్. మాట విడివడింది’’ అన్నారు.

టీవీ అంకె 26 దగ్గర ఆగింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి, టీవీ పాడైందా అని చూసి వెళ్లింది.

మీ ఇంట్లోనూ చెయ్యొచ్చు

దీనికి సోల్డరింగే రానక్కర్లేదు. చాలా ఫోన్లలో, టీవీల్లో ఈక్వలైజర్ ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ‘మాట తెలీట్లేదు’ అంటే సౌండ్ పెంచే ముందు 125, 250, 500 లను కొంచెం తగ్గించి, 2000, 4000 లను కొంచెం పెంచి చూడండి. వాళ్లనే మీటలు కదపనివ్వండి. చెవి వాళ్లది.

కానీ పరీక్ష మాత్రం చేయించండి. వినికిడి తగ్గడానికి చెవిలో గులిమి నుంచి నరం దాకా ఎన్నో కారణాలు. ఈక్వలైజర్ వైద్యం కాదు. టీవీ ముందు మాత్రమే పనికొస్తుంది, పెళ్లిలో పలకరించేవాళ్ల మాట దీంతో వినపడదు.

పిల్లలకీ ఒక మాట. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి 8 గంటలు మించి ఉండకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. డీజే బాక్సు ముందు గంతులేసేటప్పుడు ఇది గుర్తుండాలి. మా నాన్నకి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

పోయిన నెల నాన్నే ఫోన్ చేసి, ‘‘ఆ చెవి డాక్టరుగారి దగ్గరకి ఎప్పుడెళ్దాం?’’ అన్నారు. వెళ్లాం. హియరింగ్ ఎయిడ్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఆయన అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు.

‘‘ఇందులో ఎన్ని బ్యాండ్లండీ?’’

‘‘పదహారు’’ అందా అమ్మాయి.

నాన్న నావైపు తిరిగి, ‘‘నీది ఐదేగా’’ అన్నారు. అని, చెవి ముందుకు పెట్టారు.